విషయం: అమ్మమ్మ మరణం రద్దు గురించి

అక్టోబరు 6

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద అడ్రసు కూడా టైపు చేసి కింద రెండు గీతలు కొట్టావు కదా, పోస్ట్‌మ్యాన్ అదేదో కోర్టు కాగితం అనుకుని నాచేత సంతకం పెట్టించుకున్నాడు. ఫోన్ చెయ్యమంటే చెయ్యవు. కార్బన్ కాపీ రాని మాట మాటే కాదంటావు. సరే, నీ పద్ధతిలోనే రాస్తున్నాను.

నా గది మూడో అంతస్తులో. మంచం, బల్ల, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీలో ఒకాయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కనబడతాడు. ఈ దేశం వచ్చిన నెల రోజుల్లో నాకు బాగా పరిచయమైన మనిషి ఆయనే, ఒక్క మాట మాట్లాడుకోకపోయినా.

నా చదువంతా విత్తనాల ల్యాబ్‌లోనే. తడి కాగితం మీద వంద గింజలు వరసగా పేర్చి, చుట్ట చుట్టి, వెచ్చటి బీరువాలో పెట్టి, ఏడో రోజున ఎన్ని మొలకెత్తాయో చూడాలి. గింజలతో నాకు ఏ ఇబ్బందీ లేదు. మనుషులతోనే ఇబ్బంది. ఇక్కడి భాష చదవగలను, రాయగలను, నోరు తెరిస్తే మాత్రం నీళ్లు నమలడమే. నేను ఒక వాక్యం కూర్చుకునే లోపల అవతలి మనిషి కోటు వేసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు.

అసలు గండం ఇంకోటి ఉంది. డిసెంబరు ఇరవై లోపల పాతికమంది ముందు నిలబడి, నా పని గురించి పదిహేను నిమిషాలు ఇక్కడి భాషలో మాట్లాడాలి. మాట్లాడకపోతే సీటు రద్దు, పెట్టె సర్దుకుని వచ్చెయ్యడమే. నా వంతు కిందటి వారం సోమవారం నాడు పడింది. ఆదివారం సాయంత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు నువ్వు ఊళ్ళోవాళ్ళకి టైపు కొట్టిచ్చే సెలవు చీటీ గుర్తొచ్చింది. జ్వరానికి మూడు రోజులు, పెళ్ళికి రెండు, అమ్మమ్మకి అయిదు అని నువ్వు నేర్పిందే కదా. నీ నమూనాని పొల్లు పోకుండా వీళ్ళ భాషలోకి మార్చి ఇచ్చాను. అయిదు రోజులూ ఇచ్చారు. నా వంతు డిసెంబరు పద్దెనిమిదికి జరిపారు.

తిరిగి వెళ్ళేసరికి నా బల్ల మీద గాజు గ్లాసులో తెల్ల పువ్వులున్నాయి. నేను లోపల అడుగు పెట్టగానే అందరూ లేచి ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడ్డారు. ఏమో, అగ్నిప్రమాదానికి రిహార్సల్ అనుకుని నేనూ నిలబడ్డాను. ల్యాబ్ సహాయకుడు, ఎప్పుడూ గళ్ళ చొక్కా వేసుకునే ఆయన, నా గింజల పని కూడా తనే చేసి పెట్టాడు. ప్రొఫెసరు గారు నా రెండు చేతులూ పట్టుకుని, కళ్ళలో నీళ్లు పెట్టుకుని ఏదో అడిగారు. అన్నిటికీ తలూపాను. సెలవు నుంచి వచ్చినవాళ్ళని ఇక్కడ ఇలా చూసుకుంటారు కాబోలు. చాలా మంచి మనుషులు.

నీ
బుల్లి

అక్టోబరు 17

చిరంజీవి మనవరాలికి,

విషయం: నా మరణం – గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 6-10.

పై విషయంలో నీకు తెలియజేయునది ఏమనగా, వాళ్ళు నమ్మారే మొద్దూ.

ముప్పై ఏడేళ్లుగా ఈ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున పిల్లలకి వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పుతూ, సాయంత్రం ఊళ్ళోవాళ్ళకి అర్జీలు కొట్టిపెడుతున్నాను. నా చేతుల మీదుగా పోయిన అమ్మమ్మలకీ నాయనమ్మలకీ అంతు లేదు. కరెంటాఫీసు హెడ్ క్లర్కుకి ఒకే అమ్మమ్మ ఏడుసార్లు పోయింది. ఏడోసారి అతనికి జలుబు చేస్తే చీటీ పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చింది ఆవిడే. ఆఫీసరు ఆవిడకి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, సెలవు మంజూరు చేశాడు. చీటీలో రాసేది కారణం కాదు, మర్యాద. అది ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. నీ ప్రొఫెసరుకి ఎవరూ చెప్పలేదు కాబోలు, పాపం.

ఆయన ఏడ్చాడంటే మాత్రం నాకు ఒళ్ళు జలదరించింది. మా హెడ్ క్లర్కు చీటీకి ఎవరూ కంటతడి పెట్టలేదు.

ఈ విషయం తేలకుండా వదిలేస్తే తర్వాత అబద్ధం కింద పట్టుకుని సీటు పీకేస్తారు. జరిగింది కాగితం మీద, సరిచెయ్యాల్సిందీ కాగితం మీదే. సవరణ ముసాయిదా పంపుతున్నాను. ఒక్క మాట కూడా సొంతంగా కలపకుండా మార్చి ఇచ్చెయ్యి: "సూచికలో పేర్కొన్న మా అమ్మమ్మగారి మరణము అనివార్య కారణముల వలన రద్దు కాబడినదనియు, ఆమె యథావిధిగా కొనసాగుచున్నదనియు మనవి."

మీ అమ్మకి చెప్పకు. దానికి అసలే రక్తపోటు. అన్నట్టు, చీటీలో నా వయసు ఎంత వేశావు?

ఇట్లు,
(ప్రాణములతో ఉన్న) అమ్మమ్మ

జతపరచినవి: ముసాయిదా – 1

అక్టోబరు 30

అమ్మమ్మా,

డెబ్బై నాలుగు వేశాను. తెలీక వేశాను.

నీ ఉత్తరం ల్యాబ్‌లోనే విప్పి చదివాను. ఆ పువ్వులూ, ఆ నిలబడటాలూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మర్నాడే నీ సవరణ ఇచ్చాను. ప్రొఫెసరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భుజం మీద చెయ్యేసి, నన్ను నడిపించుకుంటూ కింది అంతస్తులో ఒక గదికి తీసుకెళ్ళారు.

ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా. అక్కడ ఒక మేడమ్ ఉంటారు. అయినవాళ్ళని పోగొట్టుకున్న విద్యార్థులతో మాట్లాడటమే ఆవిడ ఉద్యోగం. నేను ఆవిడని ఓదార్పు మేడమ్ అనుకుంటున్నాను. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "మా అమ్మమ్మ బతికే ఉంది. టైపు నేర్పుతుంది. నిన్న ఆవిడ ఉత్తరం వచ్చింది" అన్నాను.

ఆవిడ చాలా మెల్లగా, "ఉత్తరాలు తరచుగా వస్తాయా?" అని అడిగారు.

"రెండు మూడు వారాలకి ఒకటి."

"వాటిలో ఏం చెబుతుంది?"

"నేను పోలేదని చెబుతుంది."

ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని రుమాళ్ళ డబ్బా నావైపు జరిపారు. నీ ఉత్తరం తీసి చూపించాను. ఆవిడకి మన లిపి రాదు. చాలాసేపు దాన్నే చూసి, "నీ గదిలో టైపు మిషను ఉందా?" అన్నారు. లేదని చెబితే తలూపారు, నమ్మినట్టు లేదు. ఇప్పుడు వారానికి రెండు గంటలు నాకు ఆవిడ దగ్గర కేటాయించారు, మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. నిన్ను "ఉండేది" అంటే ఆవిడ మొహం తేలికపడుతుంది. "ఉంది" అంటే పెన్ను తీస్తారు.

ఒక్క మాట చెప్పనా, తిట్టకు. ఈ ఊళ్ళోకి వచ్చాక నేను వాక్యం పూర్తి చేసేదాకా ఆగిన మనిషి ఆవిడ ఒక్కరే. నిమిషం తడుముకున్నా కుర్చీలోంచి కదలరు. మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

నీ
బుల్లి

నవంబరు 10

చిరంజీవి మనవరాలికి,

విషయం: నేను బ్రతికియున్నాను – రుజువు సమర్పించుట గురించి.
సూచిక: 1. నీ ఉత్తరం, తేదీ 30-10. 2. నా పుట్టిన తేదీ.

నాకు అరవై తొమ్మిది. చనిపోతే పోయాను గానీ అయిదేళ్లు ఎక్కువ వేసి చంపడం ఏమిటి?

నా మాట నమ్మకపోతే పోనీ, నేను కొట్టిన ఉత్తరాన్ని నువ్వే కొట్టుకున్నావంటారా? ఆవిడకి టైపు తెలిస్తే అలా అనదు. నా మిషన్ మీద 'ర' ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి పైకి లేస్తుంది. కావాలంటే భూతద్దం పెట్టి చూసుకోమను.

సరే, వాళ్ళకి కావలసింది అధికారిక పత్రం. మీ తాతయ్య పెన్షను నాకు వస్తోంది కదా, దాని కోసం ఏటా నవంబరులో నేను బతికున్నట్టు కాగితం ఇవ్వాలి. దాని నకలు పంపుతున్నాను. నా ఫోటో, వేలిముద్ర, ఆఫీసు గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సిరాతో గెజిటెడ్ ఆఫీసరు సంతకం, అన్నీ ఉన్నాయి. ఈసారి తహసీల్దారు దొరక్క పశువుల డాక్టరు చేత పెట్టించాను. ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, నాలుక చాపమని, ఆనక సంతకం చేశాడు. ఇంతకంటే రుజువు ఏ దేశంలోనూ ఉండదు.

ఆ మేడమ్ ఎదురుగా కూర్చుని గంటసేపు నా గురించి ఏం మాట్లాడుతున్నావు? ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నాతో "కాఫీ ఉందా", "తాళం ఎక్కడ" తప్ప మూడో మాట ఆడిన గుర్తు లేదు నాకు. కోపంగా అడగటం లేదు. తెలుసుకుందామని అడుగుతున్నాను.

ఇట్లు,
అమ్మమ్మ (69)

జతపరచినవి: జీవన ధ్రువపత్రం నకలు – 1

నవంబరు 22

అమ్మమ్మా,

కొంప మునిగింది.

నువ్వు పంపిన కాగితం ముగ్గురి ముందు పెట్టాను: ప్రొఫెసరు గారు, మేడమ్, ఆఫీసు సూపరింటెండెంటు. ఇది బతికున్నట్టు కాగితం అన్నాను. సూపరింటెండెంటు, "బతికున్నవాళ్ళకి కాగితం ఎందుకు? వాళ్ళే వచ్చి నిలబడతారు కదా" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఇక్కడ ప్రభుత్వం మనిషికి ఫోటో, ముద్ర, తేదీ వేసి కాగితం ఇచ్చేది పోయినప్పుడేనట. సంతకం చేసిన డాక్టరు ఎవరని అడిగారు. పశువుల డాక్టరు అని చెప్పేశాను. ముగ్గురూ తల దించుకున్నారు. "చివరి రోజుల్లో అంతకంటే మంచి వైద్యం దొరకలేదన్నమాట" అన్నారు ప్రొఫెసరు గారు.

దాన్ని చట్రం కట్టించి ల్యాబ్ గోడకి తగిలించారు. ఇంకా ఉంది. భవనం ముందు నీ పేరిట ఒక బల్ల వేస్తున్నారు. జనం కూర్చునే బల్ల, ఇత్తడి రేకు మీద నీ పేరుతో. వద్దని చెప్పాను. వద్దనడం కూడా దుఃఖంలో భాగమేనని మేడమ్ వాళ్ళకి వివరించారు. పుట్టిన ఏడాది ఎంతని ల్యాబ్‌లో గళ్ళ చొక్కా ఆయన అడిగితే, కనీసం అదైనా సరిగ్గా చెప్పాలని చెప్పాను.

నీ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మొదటి మూడు వారాల్లో నీ గురించి నాకు తెలిసిందంతా అయిపోయింది. ఇన్‌స్టిట్యూట్ తలుపు ఎన్నింటికి తీస్తావో చెప్పాను. నా డైరీ చదివి ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దావని, పదోతరగతిలో నా స్నేహితురాలి ప్రేమలేఖ పట్టుకుని పేరాలు విడగొట్టి తిరిగిచ్చావని చెప్పాను. మొన్న మంగళవారం మేడమ్, "ఆవిడకి ఏమిటి ఇష్టం? ఏం కావాలని ఉండేది?" అని అడిగారు. మాటలు రాక కాదు అమ్మమ్మా ఆగిపోయింది. మాటలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. నాకు తెలీదు, అంతే.

పద్దెనిమిది దగ్గరకొస్తోంది. ఇంత అబద్ధం గోడకి వేలాడుతుండగా అదే గదిలో నిలబడి ఎలా మాట్లాడాలి? ఏదైనా జబ్బు రాసి మళ్ళీ జరిపించుకుందామా? నీ దగ్గర ఇంకో నమూనా ఉందా?

నీ
బుల్లి

డిసెంబరు 3

చిరంజీవి మనవరాలికి,

విషయం: మృతురాలి వివరములు – గురించి.
సూచిక: నీ మేడమ్ అడిగిన ప్రశ్నలు.

1. ఇష్టం: కొత్త రిబ్బను ఎక్కించాక కొట్టే మొదటి పంక్తి. వాన పడేటప్పుడు ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండు మిషన్లూ ఒక్కసారి మోగడం. ఎవరూ పలకరించకుండా తాగే కాఫీ.

2. అయిష్టం: దండ వేసిన ఫోటో. నాకు వెయ్యకండి.

3. ఏం కావాలని ఉండేది.

దీనికి అంకెలు వేసి రాయడం కుదరడం లేదు. అరవై తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు. అడిగినావిడ నేను పోయాననుకుని అడిగింది, చూడు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు స్టెనో ఉద్యోగం వచ్చింది. దూరంగా, మన భాష మాట్లాడని ఊళ్ళో, పెద్ద ఆఫీసులో. మన జిల్లాకల్లా టైపులో నాదే వేగం. చేరేముందు ఆఫీసరు ఎదురుగా కూర్చుని వాళ్ళ భాషలో ఆయన అడిగినదానికి జవాబులు చెప్పాలి. రైలుకి మూడు రోజులుందనగా నాకు అన్నం సయించలేదు. నేను మాట్లాడితే నవ్వుతారని, నవ్వితే నేను ఏడుస్తానని. రెండో రోజున మిషన్ ముందు కూర్చుని, మా అమ్మమ్మగారు స్వల్ప అస్వస్థత అనంతరం పరమపదించినందున రాలేకపోతున్నానని కొట్టి పంపేశాను. ఆ నమూనా అదే. మొదట కొట్టింది నా కోసమే. వాళ్ళు విచారం తెలుపుతూ ఒక కార్డు రాసి, ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. మా అమ్మమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. రోజూ వాకిట్లో కూర్చుని, "నీకు ఉద్యోగం ఎందుకు రాలేదే" అని అడిగేది. నేను చెప్పలేదు.

ఆవిడ పోయిన రోజున మాత్రం నేను ఎవరికీ చీటీ రాయలేకపోయాను. ఆ మాటలు అప్పటికే వాడేశాను.

ఇంకో నమూనా లేదు. ఉన్నా ఇవ్వను. పద్దెనిమిదో తారీఖున వెళ్ళి నిలబడు. నవ్వితే నవ్వనీ. అబద్ధమాడానని చెప్పు. సీటు పోతే పోతుంది, ఇంటికొస్తావు, నేను ఉన్నాను. చెప్పకుండా దక్కించుకుంటే ఆ గోడ మీద కాగితాన్ని రోజూ చూస్తూ చదవాలి నువ్వు. నేను అలాగే బతికాను, బాగుండదు.

బల్ల సంగతి: ఆనుకోడానికి వీపు ఉందా? ఉంటే వెయ్యనీ. పుట్టిన ఏడాది వేసి, గీత గీసి, అక్కడ ఆపమను.

ఇట్లు,
అమ్మమ్మ

డిసెంబరు 21

అమ్మమ్మా,

చెప్పేశాను.

నీ ఉత్తరం పదమూడున అందింది. ఎన్నిసార్లు చదివానో. పద్దెనిమిదిన వెళ్ళి నిలబడ్డాను. ముందు వరసలో ప్రొఫెసరు గారు, చివర గళ్ళ చొక్కా, తలుపు పక్కన మేడమ్. నాలుగు నిమిషాలు గింజల గురించి మాట్లాడాను. గోడ మీద నీ ఫోటో నన్నే చూస్తోంది. ఇక నావల్ల కాలేదు. కాగితాలు పక్కన పెట్టి, "మా అమ్మమ్మ చనిపోలేదు. నేను ఈ గదికి భయపడి రాసిన అబద్ధం అది" అన్నాను. ప్రొఫెసరు గారు మేడమ్ వైపు చూశారు. మేడమ్ పెన్ను తీశారు.

ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. మన దగ్గర సెలవు చీటీ అంటే ఏమిటో, హెడ్ క్లర్కు వాళ్ళ అమ్మమ్మ తన చావు కబురు తనే తెచ్చి మంచినీళ్లు తాగి వెళ్ళడం, బతికున్నవాళ్ళకి కాగితం ఎందుకు కావాలో. నీకు ఇరవై రెండేళ్లప్పుడు జరిగింది కూడా చెప్పాను, నిన్ను అడక్కుండా. తర్వాత ఎందుకో కోపం వచ్చింది. నువ్వు నా డైరీ దిద్దడం, ఫోన్ ఎత్తకపోవడం, ఇన్నేళ్లూ ఆ రైలు సంగతి నాకు చెప్పకపోవడం, అన్నిటికీ నిన్ను అందరి ముందూ కడిగిపారేశాను. పదిహేను నిమిషాలు కాస్తా నలభై అయింది. ఎవరూ కోటు వేసుకోలేదు.

మేడమ్ లేచి, "బతికే ఉంది" అన్నారు. ఎలా తెలిసిందని ప్రొఫెసరు గారు అడిగితే, "పోయినవాళ్ళ మీద ఎవరూ ఇన్ని ఫిర్యాదులు చెయ్యరు" అన్నారు.

ప్రొఫెసరు గారి మొహం ఎర్రబడింది. "నేను ఏడ్చాను ఆ రోజు" అన్నారు. క్షమించమని అడిగాను. ఆయన ఇంకా క్షమించలేదు, కానీ పాస్ చేశారు. అది వేరే ఇది వేరే అన్నారు. సీటు ఉంది అమ్మమ్మా. సూపరింటెండెంటు మాత్రం ఇప్పటికీ తల పట్టుకునే కూర్చున్నాడు. ఇక్కడి సెలవు ఫారంలో "మాట్లాడటానికి భయం" అని ఒక గడి మొదటినుంచీ ఉందట. టర్ముకి రెండు రోజులు, ఒక టిక్కు పెడితే చాలు. నేను మూడో పేజీ చూడలేదు.

బల్ల పదిహేడునే బిగించేశారు, వీపుతో సహా. తీయాలంటే మరణించినవారి కుటుంబం అర్జీ పెట్టుకోవాలి. మరణించినవారు లేరు కాబట్టి కుటుంబమూ లేదు, కాబట్టి తీయడం కుదరదని తేల్చారు. గీత దగ్గర ఆపమన్నావని చెప్పేలోపే రెండో ఏడాది కూడా చెక్కేశారు. గళ్ళ చొక్కా దాని మీద నల్ల టేపు అంటించాడు. ఫోటో పంపుతున్నాను.

ఎవరూ పోలేదు గనక మంగళవారాలు రద్దయ్యాయి. నేను అంత ఏడుస్తాననుకోలేదు. కానీ నిన్న బల్ల మీద ఒక్కదాన్నే కూర్చుంటే మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆఫీసు పని మీద కాదు, ఊరికే. "మీ అమ్మమ్మ ఎలా ఉంది?" అని అడిగారు. "ఉంది" అన్నాను. పెన్ను తీయలేదు. నువ్వు ఎప్పుడొస్తావని అడగమన్నారు. నీ తరఫున నేనేమీ ఒప్పుకోలేదు.

నీ
బుల్లి

జనవరి 9

చిరంజీవి మనవరాలికి,

విషయం: ప్రయాణం – గురించి.
సూచిక: నీ మేడమ్ ప్రశ్న.

అందరి ముందూ కడిగావని రాశావు. కడుగు. ఇంకా ఉంటే వచ్చాక ఎదురుగా కడుగు.

ఇన్‌స్టిట్యూట్ తాళాలు సీనియర్ అమ్మాయికి ఇచ్చాను. అర్జీల పని నేను వచ్చేదాకా ఆపేశాను. హెడ్ క్లర్కు లబోదిబోమన్నాడు. వచ్చే నెల అతనికి అయిదు రోజులు కావాలట. నిజమైన కారణం చెబితే అదొక్కటీ టైపు కొట్టి ఇస్తానన్నాను. ఆలోచించుకుని వస్తానని వెళ్ళాడు, ఇంతవరకూ రాలేదు.

వీసా ఆఫీసుకి వెళ్ళాను. ఫారంలో ప్రయాణానికి కారణం అని చిన్న గడి ఉంది. కౌంటర్లో అమ్మాయి, "బంధువులను చూచుటకు అని వేసెయ్యండి బామ్మగారూ, అందరూ అదే వేస్తారు" అంది. అందరూ వేసేదే ఇన్నాళ్లూ వేశానమ్మా అని, "నా పేరుతో ఉన్న బల్ల మీద నేను కూర్చొనుటకు" అని రాశాను. గడి ఇరుకు, అక్షరాలు బయటికి వచ్చాయి. ఆ అమ్మాయి పై అధికారిని పిలిచింది. ఆయన చదివి, నన్ను చూసి, రుజువు ఉందా అన్నాడు. నువ్వు పంపిన ఫోటో ఇచ్చాను.

"ఈ నల్ల టేపు కింద ఏముందండీ?"

"నేను చనిపోయిన సంవత్సరం."

ఆయన ఫారం వంకా నా వంకా, గోడ గడియారం వంకా చూశాడు. భోజనం వేళ కావొచ్చింది. ముద్ర వేశాడు.

ఫిబ్రవరి పదమూడున మధ్యాహ్నం దిగుతాను. నువ్వు ల్యాబ్ మానుకుని రావద్దు, నేనే అడుగుతూ వస్తాను. వాళ్ళ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. దారి అడిగితే నవ్వుతారేమో. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు, చాలా భయంగా ఉంది. వస్తున్నాను.

ఇట్లు,
అమ్మమ్మ